మళ్ళీ అ ఆల దగ్గరికి పంపకండి

"నాలుగో తరగతికి వచ్చినా చదవడం రాలేదు, అందుకని అ ఆల నుంచి మళ్ళీ మొదలుపెట్టాం." కావలి నుంచి కనిగిరి దాకా ఏ ప్రాథమిక పాఠశాలలో వెనకబడిన పిల్లల సంగతి అడిగినా ఈ జవాబు వస్తుంది. చెప్పేవాళ్ళు శ్రద్ధ లేనివాళ్ళు కాదు. సాయంత్రం ఒక అరగంట ఎక్కువ ఉండి, సొంత డబ్బుతో పలకలు కొనిచ్చి చెప్పేవాళ్ళు కూడా ఈ మాటే అంటారు. పునాది గట్టిపడాలి కదా అని వాళ్ళ ఉద్దేశం.

నాకు మాత్రం అదనపు చదువు పేరుతో జరిగే నష్టంలో సగం ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది. చెరువుకట్ట ఒకచోట తెగితే తెగినచోట మట్టి వేస్తాం, కట్టంతా తవ్వి మళ్ళీ పొయ్యం. మూడు, నాలుగు తరగతుల్లో చదవలేని పిల్లల్లో చాలామందికి అక్షరాలు వచ్చు. వాళ్ళు ఆగిపోయింది గుణింతంలోనో, వత్తులోనో. వాళ్ళను మళ్ళీ అమ్మ, ఆవు బొమ్మల ముందు కూర్చోబెడితే వచ్చిందే నలభై రోజులు వల్లిస్తారు, రానిది అక్కడే ఉంటుంది. పైగా పక్కన ఒకటో తరగతి తమ్ముడు అదే పలక మీద అదే రాస్తుంటాడు. తొమ్మిదేళ్ళ పిల్లకు అంతకంటే నామోషీ ఏముంటుంది?

ఎక్కడ తెగింది

పల్లెల్లో పిల్లల చదువును కొలవడానికి ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో వాడే కాగితం టీచర్లందరికీ తెలిసిందే. పేరాతో మొదలుపెట్టి, చదివితే కథకు, చదవలేకపోతే పదాలకు, అదీ కాకపోతే అక్షరాలకు వెళ్ళడం. పదాలైనా అక్షరాలైనా అయిదులో నాలుగు రావాలి. దాంతో పిల్ల ఏ మెట్టు మీద ఉందో అయిదు నిమిషాల్లో తేలుతుంది. కానీ ఆ కాగితం "పదాల స్థాయి" అని మాత్రమే చెబుతుంది. ఏ పదాలు, ఎందుకు అన్నది చెప్పదు, దాని పని అది కాదు. అన్ని భాషలకూ ఒకే పద్ధతిలో ఉండాలి కాబట్టి తెలుగు లిపి పెట్టే ప్రత్యేకమైన ఇబ్బందులు అందులో విడివిడిగా కనిపించవు.

అందుకే దాని వెనకే ఇంకో అరఠావు పెట్టుకోవాలి. ఆరు వరుసలు చాలు. మొదటి వరుస: వల, పలక, గడప, అరక, జత. రెండోది: కాకి, పిలక, వీపు, గూడు, తాడు. మూడోది: నెల, నేల, మెడ, మేడ, పొలం, కోడి. నాలుగోది: గడ్డి, పప్పు, బుగ్గ, చెట్టు, డబ్బు. అయిదోది: చుక్క, కత్తి, వెన్న, కొమ్మ, గొయ్యి, గొర్రె, పిల్లి. ఆరోది: పుస్తకం, సూర్యుడు, చంద్రుడు, కష్టం, ప్రకాశం. వరుసకు ఒక తప్పు వదిలేయొచ్చు. రెండు తప్పులు పడిన వరుస దగ్గర ఆగిపోవాలి, తెగింది అక్కడే.

పరీక్ష ఒక్కొక్కరికే చెయ్యాలి, వరండాలో, మిగతావాళ్ళకు వినపడనంత దూరంలో. పిల్ల ఏం చదివిందో అదే పక్కన రాసుకోవాలి, ఒప్పు, తప్పు అని టిక్కులు పెట్టుకుంటే ఉపయోగం లేదు. 'చెట్టు'ను "చెటు" అన్న పిల్ల వేరు, "చెటుట" అన్న పిల్ల వేరు. మొదటి పిల్లకు వత్తు కనబడలేదు. రెండో పిల్లకు కనబడింది, ఎప్పుడు పలకాలో తెలియలేదు. ఇద్దరికీ చెప్పాల్సింది ఒకటే కాదు.

ఇక పాఠ్యపుస్తకంతో పరీక్ష పెట్టడం దండగ. బృందంగా చదివీ చదివీ పాఠం నోటికొచ్చేసి ఉంటుంది. వేలు మూడో లైను మీద ఉంటుంది, నోరు అయిదో లైను చదువుతుంటుంది. అనుమానమొస్తే పేరాలో చివరి వాక్యం ముందు చదవమనండి.

గుణింతం పాటగా వచ్చిన పిల్లలు

చార్టు మీద 'కె' దగ్గర కర్ర పెడితే చాలామంది పిల్లలు వెంటనే చెప్పరు. పెదాలు కదులుతుంటాయి: క, కా, కి, కీ, కు, కూ... అలా నడుచుకుంటూ వచ్చి "కె" అంటారు. ఆ పిల్లకు గుణింతం పాటగా వచ్చింది, గుర్తుగా రాలేదు. ఒక్కో అక్షరానికి అంత దూరం నడిస్తే నాలుగక్షరాల పదం చివరికి వచ్చేసరికి మొదటి అక్షరం మరిచిపోతుంది. "కూడబలుక్కుని చదువుతుంది కానీ అర్థం చెప్పలేదు" అని మనం అనేది ఈ పిల్లనే.

దీనికి మందు చార్టును అడ్డంగా కాక నిలువుగా చదివించడం: కి, గి, చి, జి, టి, డి. గుడి అన్న గుర్తు అన్ని తలల మీదా ఒకే చప్పుడు చేస్తుందని కంటికి తెలియాలి. మొదట ఖ, ఘ లాంటి ఒత్తక్షరాలన్నీ చార్టులోంచి తీసెయ్యండి. క గ చ జ ట డ ణ త ద న ప బ మ య ర ల వ శ స హ ళ, ఈ 21 చాలు. గుర్తుల్లో ఐత్వం, ఔత్వం, వట్రసుడి తర్వాతకు వదిలితే పది నిలువు వరుసలు. మొత్తం 210 గళ్ళు, ఒక డ్రాయింగ్ షీటులో పడతాయి. పిల్లలు ఇళ్ళల్లో మాట్లాడే మాటల్లో ఎక్కువ భాగం వీటితోనే రాయొచ్చు. ఘ, ఝ, ఢ రాలేదని పిల్లను ఆపకండి. వాటి కోసం వారాలు పోగొట్టుకున్న బడులున్నాయి.

మి, యి, మొ, యొ మిగతావాటిలా ఉండవు కాబట్టి వాటిని విడిగా ఒక పూట చూపించాలి. 'మ', 'వు' పక్కపక్కన రాసి తేడా అడగాలి. పెద్దవాళ్ళకు ఇది పట్టదు, మనం ఎప్పుడో దాటేశాం. నేర్చుకునే కంటికి అవి కవలలు. ఎత్వం, ఏత్వం తేడా చిన్న తోక కాబట్టి దాన్ని అర్థంతో ముడిపెట్టాలి: మెడ–మేడ, నెల–నేల. మిగతా హ్రస్వ దీర్ఘాలూ అంతే: కలం–కాలం, కుడి–కూడి. "మేడ మీద పిల్లి, మెడ మీద పిల్లి" బోర్డు మీద రాసి బొమ్మ గీయమంటే, చదివారో లేదో నవ్వుల్లో తెలిసిపోతుంది.

అమ్మ, అత్త, అన్న

ఇక వత్తులు. గ్గ, చ్చ, డ్డ, ప్ప, బ్బ లాంటివాటిలో కింద ఉన్నది పైఅక్షరానికి నకలే, తలకట్టు ఒక్కటే ఉండదు. పిల్లలు ఒకటి పట్టుకుంటే మిగతావి తేలికగానే పట్టుకుంటారు. చిక్కంతా క, త, న, మ, య, ర, ల దగ్గర. ఈ ఏడింటికీ వత్తు రూపం అసలు అక్షరంలా ఉండదు. తమాషా ఏమిటంటే ఇంట్లో పిలుచుకునే మాటల్లో వచ్చేవి ఇవే: అక్క, అత్త, అన్న, అమ్మ, అయ్య. మిగిలిన రెండింటికి గొర్రె, పిల్ల ఉన్నాయి. అంటే రోజూ వందసార్లు నోట్లో నలిగే మాటలే కాగితం మీద అన్నిటికంటే వింతగా కనిపిస్తాయి.

దీంట్లో లాభం ఉంది, మోసం కూడా ఉంది. నేర్పడానికి ఈ మాటలంత అనువైనవి లేవు. పరీక్షకు మాత్రం పనికిరావు. 'అమ్మ' అన్న మాటను ప్రతి పిల్లా బొమ్మలా గుర్తుపడుతుంది. అమ్మ అని చదివింది కాబట్టి మ వత్తు వచ్చేసిందని రాసుకుంటే, రేపు 'కొమ్మ' దగ్గర నోరు తెరవదు. నేర్పేది అమ్మతో, అడిగేది కొమ్మతో.

"చెటుట" అన్న పిల్ల సంగతి చూద్దాం. ఆ పిల్ల తెలివిగానే చదివింది. ట, దాని పక్కన కొమ్ము, కింద ఇంకో ట. కంటికి కనిపించిన వరుసలో టు అని, తర్వాత ట అంది. కొమ్ము పైఅక్షరానికి అంటుకుని ఉన్నా, దాని చప్పుడు కిందున్న వత్తు తర్వాత వస్తుందని ఎవరూ చెప్పలేదు. "టకు కొమ్మిస్తే టు, టుకు ట వత్తిస్తే ట్టు" అని వల్లె వేయిస్తే ఇది తేలదు. ఆ వల్లెలోనే కొమ్ము ముందొచ్చింది మరి!

ముందు రాత లేకుండా నోటితో విడగొట్టించాలి: చెట్–టు, గడ్–డి, పప్–పు. ఒక్కో ముక్కకు ఒక చప్పట. తర్వాత బోర్డు మీద పొల్లు పెట్టి విడిగా రాయాలి: చె, ట్, టు. వాటిని దగ్గరకు తెచ్చి 'చెట్టు' చెయ్యాలి. ఆ తర్వాత జంటలు: అటు–అట్టు, గుడి–గుడ్డి, గడి–గడ్డి. చివర వాక్యంలో పెట్టాలి. నకలు వత్తులకు మూడు రోజులు, ఆ ఏడింటికీ రోజుకొకటి, సంయుక్తాలకు ఇంకో వారం. 'ప్రకాశం' అన్న మాటలో క్రావడి, అంటే ర వత్తు, అక్షరాన్ని కింద నుంచి చుట్టుకుని ఉంటుంది కాబట్టి కొందరు "రప" అంటారు, దానికీ మందు అదే, పొల్లుతో విడగొట్టి చూపడం.

ఇంకో చిన్న సంగతి, చిన్నదే కానీ చాలా చేటు చేస్తుంది. జిరాక్సుకు జిరాక్సు తీసిన కాగితంలో మొదట మాయమయ్యేది వత్తు. లైన్లు దగ్గరగా ఉంటే పైలైను వత్తు, కిందలైను గుడి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పాత క్యాలెండర్ షీట్ల వెనక, నల్ల స్కెచ్ పెన్నుతో, రెండంగుళాల అక్షరాలతో, లైనుకూ లైనుకూ మధ్య జానెడు వదిలి రాసింది దానికంటే వెయ్యి రెట్లు నయం.

చదవడానికి ఏమిస్తున్నాం

పదాలు ఎన్ని వచ్చినా మూడో రోజు నుంచే వాక్యాలు ఉండాలి. వత్తులు రాని పిల్లకు వత్తుల్లేని కథ కావాలి. అలాంటిది రాయడం కుదరదనుకుంటారు గానీ కుదురుతుంది: "మామ వల వేశాడు. వలలో చేపలు పడలేదు. ఒక పీత పడింది. పీత మామ వేలు కొరికింది." ఇందులో ఒక్క వత్తు లేదు. వత్తులు మొదలయ్యాక అదే కథ ముందుకు పోతుంది: "మామ అమ్మో అన్నాడు. అత్త నవ్వింది." మైపాడు, కొత్తపట్నం పిల్లలకు వల, పీత. కొండపి వైపు పిల్లలకు పొగాకు బ్యారన్. చీమకుర్తిలో గ్రానైటు లారీ. రాసే ఓపిక ఉండాలంతే. నెల్లూరు జిల్లాకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో వయోజనులకు చేసిన వాచకంలో సారా గురించిన పాఠం ఉంది. ఆ రోజుల్లోనే ఈ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. చదివింది తమ గురించే అయితే అక్షరం ఎంత పని చేస్తుందో అప్పుడు చూశాం.

యాస సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కాగితం మీద 'ఉన్నాడు' అని ఉంటే నెల్లూరు పిల్ల "ఉండాడు" అని చదువుతుంది. చాలామంది దాన్ని తప్పు కింద వేస్తారు. నేనైతే వెయ్యను. ఆ పిల్ల వాక్యం అర్థం చేసుకుని తన మాటలోకి మార్చి చెప్పింది, అక్షరాలు కూడబలుక్కునే పిల్ల అలా చెయ్యలేదు. "సరే, ఇక్కడ రాసింది ఎట్టుందో ఇంకోసారి చూడమ్మా" అంటే సరిపోతుంది. 'ఉన్నాడు'ను "ఉనాడు" అంటే మాత్రం అది వత్తు తప్పు.

చిన్న తరగతుల చదువు కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60 అని ఉంది. తెలుగులో 'చదువుకుంటున్నాడు' ఒక పదం, 'వల' ఒక పదం. పదాలు లెక్కపెడితే చిన్న మాటలున్న పేరా ఇచ్చిన బడి గెలుస్తుంది. 2022లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్సీఈఆర్టీ) చేసిన అధ్యయనంలో ఏ భాషకు ఆ భాషకు వేరే కొలతలు పెట్టింది ఇందుకే. తరగతి గదిలో మాత్రం పదాలు వదిలేసి, ఒకే పేరాను పది రోజుల తర్వాత అదే పిల్ల ఎంత సేపట్లో చదివిందో చూసుకుంటే చాలు. పక్క పిల్లతో పోల్చాల్సిన పని లేదు.

ఆ గంట ఎక్కడిది

నా వాదనలో కష్టమైన భాగం ఇది. అదనపు చదువు సాయంత్రం నాలుగు తర్వాత పెడితే రావాల్సినవాళ్ళే రారు. ఆటో వెళ్ళిపోతుంది, తమ్ముడిని చూసుకోవాలి, ఆకలి. ఆటల పీరియడులో పెడితే అది శిక్ష. పెట్టాల్సింది పొద్దున్నే, ప్రార్థన కాగానే, 45 నిమిషాలు, మూడు నుంచి అయిదు తరగతుల వాళ్ళందరినీ కలిపి, తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి కూర్చోబెట్టి. గుంపుకు పదీ పన్నెండు మంది. అయిదు నిమిషాలు కబుర్లు, టీచరు వేలు పెట్టి చదివి వినిపించడం. పది నిమిషాలు చార్టు. పది నిమిషాలు ఆ రోజు గుర్తుతో పదాలు చేయడం. పన్నెండు నిమిషాలు ఒక్కొక్కరూ పేరా చదవడం. మిగిలిన ఎనిమిది నిమిషాలు విని రాయడం, చూసి రాయడం కాదు.

బడివేళలోనే ఎందుకంటే, దీనికి చూసిన రుజువులున్నాయి. బీహార్‌లో ప్రభుత్వ టీచర్లు నెల రోజుల వేసవి శిబిరం నడిపితే పిల్లలు చదవడం నేర్చారు. అదే శిక్షణ, అదే సామగ్రి మామూలు బడిరోజుల్లో అదే టీచర్లకు ఇస్తే ఏమీ మారలేదు, వేళ కేటాయించలేదు కాబట్టి పాఠ్యపుస్తకమే గెలిచింది. హర్యానాలో రోజుకు గంట దీనికే అని గట్టిగా పెట్టి, పిల్లలను స్థాయిలుగా విడదీసినప్పుడు ఫలితం వచ్చింది. టీచరులో లోపం లేదు, టైంటేబులులో ఉంది.

నెలలు కూడా చూసుకోవాలి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు, తుఫాను సెలవులు. సంక్రాంతి దాటితే కనిగిరి, మార్కాపురం వైపు నుంచి కుటుంబాలు మిరప కోతలకో, బేల్దారి పనులకో వెళ్తాయి, పిల్లలూ వెళ్తారు. జనవరిలో పెట్టే రెమెడియల్ క్లాసు ఎవరికి కావాలో వాళ్ళు లేనప్పుడు జరుగుతుంది. జూన్ చివరికి పరీక్షలు ముగించి జులై, ఆగస్టుల్లో చేస్తే సుమారు 45 పనిదినాలు దొరుకుతాయి.

సిలబస్ వెనకబడదా? వెనకబడుతుంది. 45 రోజుల పాటు ఒక పీరియడు పోతుంది. కానీ చదవలేని పిల్లకు అయిదో తరగతి పరిసరాల విజ్ఞానం ఎలాగూ జరగడం లేదు, జరిగినట్టు రిజిస్టరులో ఉంటుంది. చదవగలిగే పిల్లల నష్టం మాత్రం నిజమైనదే. వాళ్ళ గుంపుకు కథల పుస్తకాలిచ్చి మౌనంగా చదివి చివర నాలుగు వాక్యాలు రాయమంటే కొంత పూడుతుంది. పూర్తిగా పూడుతుందని అనను.

స్థాయిల వారీగా కూర్చోబెట్టడం మొద్దు పిల్లల బెంచీ కాదా? అవుతుంది, గుంపులు ఏడాదంతా అలాగే ఉంటే. పది రోజులకొకసారి ఆరు వరుసల కాగితం మళ్ళీ పెట్టి మార్చకపోతే ఇది కొత్త రకం వివక్ష అవుతుంది. గుంపులకు ఏ, బీ, సీ అని పేర్లు పెట్టకండి, పిల్లలకు ఆ లెక్క మనకంటే బాగా తెలుసు. అనుభవమున్న టీచరు కింది గుంపు తీసుకోవాలి. సాధారణంగా తిరగబడుతుంది, విద్యా వాలంటీరుకో కొత్తగా వచ్చినవాళ్ళకో దాన్ని అప్పగిస్తారు.

నాకు జవాబు దొరకని ప్రశ్న ఇద్దరు టీచర్ల బడి. మూడు నుంచి అయిదు వరకు రెండు గుంపులు చేస్తే ఒకటి, రెండు తరగతులు ఎవరు చూడాలి? ఒకటో తరగతి వాళ్ళను చార్టు గుంపులో వెనక కూర్చోబెట్టడం, రెండో తరగతి వాళ్ళకు ఆ వేళ పలక పని ఇవ్వడం, ఇలా ఏదో సర్దుతారు. ఒకరు శిక్షణకో, ఓటర్ల జాబితా పనికో వెళ్ళిన రోజున అదీ ఉండదు. అలాంటి బడిలో 45 రోజులని లెక్క వేస్తే నికరంగా 30 దొరుకుతాయి. అక్కడ మూడో వరుస, అయిదో వరుస మాత్రం పట్టుకుని మిగతావి వదిలెయ్యడం మేలు.

ఇంగ్లీషు మీడియం వచ్చాక తెలుగు చదవడానికి ఇంత ఎందుకని తల్లిదండ్రులు అడుగుతారు. 2020 తర్వాత వచ్చిన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. తెలుగు పేజీ చదవగలిగిన పిల్లకు అది నిచ్చెన. చదవలేని పిల్లకు రెండు పేజీలూ బొమ్మలే.

దేశమంతటా పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2022లో వందకు 16.3 మంది, 2024లో 23.4 మంది. అసర్ లెక్క. పెరిగింది, సంతోషమే. ఇంకా వందకు 76 మందికి పైగా మిగిలారు.

పేరు ఎప్పుడు కొట్టెయ్యాలి

ప్రతి పిల్లకూ ఒక పేజీ నోటుబుక్కులో ఉండాలి: తేదీ, ఏ వరుసలో ఆగింది, ఏమని చదివింది. రెండుసార్లు వరసగా హాజరు సరిగ్గా ఉండి కూడా కదలని పిల్లకు ముందు కళ్ళు చూపించాలి, బోర్డు చూడకుండా పక్కవాడి పలక చూసి రాసుకుంటుంటే అది గుర్తు. తర్వాత చెవులు. అవి బాగున్నా 45 రోజుల తర్వాత నిన్న చెప్పిన అక్షరం ఈ రోజు నిలవకపోతే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో ఐఈఆర్పీకి, అంటే ఆ పిల్లలకు చెప్పే టీచరుకు, చూపాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చదవడంలో వచ్చే ఇబ్బంది కూడా ఉంది. కానీ ఆ 45 రోజులు సరైనచోట చెప్పకుండా వైకల్యం అన్న పేరు ఎవరికీ తగిలించకూడదు.

ఆరో వరుస దాటిన పిల్ల పేజీలో తేదీ వేసి అడ్డంగా గీత కొట్టెయ్యాలి. మరుసటి పొద్దున ఆ పిల్ల కథల పుస్తకాల గుంపులో కూర్చుంటుంది, ఖాళీ అయిన చోటికి వరండాలో ఎదురుచూస్తున్న ఇంకో పిల్ల వస్తుంది.